డిజిటల్ హక్కులు, గోప్యత, అందరి అంతర్జాలం: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

నగరంలో నలుగురు కూడినచోట ఈ విషయం ఎత్తితే పదే పదే ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఇది న్యాయ సలహా కాదు. వ్యవహారం కోర్టు దాకా వెళ్ళేదైతే న్యాయవాదిని కలవడమే మంచిది.

డిజిటల్ హక్కులంటే కొత్తగా పుట్టుకొచ్చిన హక్కులా?

కావు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 12వ అధికరణం మనిషి ఇంట్లో, కుటుంబంలో, ఉత్తరప్రత్యుత్తరాలలో ఎవరూ ఇష్టానుసారం జోక్యం చేసుకోరాదని చెప్పింది. 19వ అధికరణం ఏ మాధ్యమం ద్వారానైనా, సరిహద్దులతో నిమిత్తం లేకుండా, సమాచారాన్ని వెదికే, అందుకునే, పంచుకునే స్వేచ్ఛను గుర్తించింది. ఆ రోజుల్లో మాధ్యమమంటే పత్రిక, రేడియో, తపాలా. బయట ఉన్న హక్కులే ఆన్‌లైన్‌లోనూ వర్తిస్తాయని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2012లో తీర్మానించింది. మారినదల్లా ఖర్చు: ఒకప్పుడు ఒకరి ఉత్తరం దొంగచాటుగా చదవాలంటే ఒక మనిషి పూనుకుని కవరు విప్పి మళ్ళీ అతికించవలసి వచ్చేది, ఇప్పుడు లక్షల మంది ఉత్తరాలను అలుపు లేకుండా చదివి, వర్గీకరించి, ఏళ్ళ తరబడి దాచిపెట్టగల యంత్రం చౌకగా దొరుకుతోంది.

"మా దగ్గర దాచుకోడానికి ఏటుందండీ?" అని చాలామంది అడుగుతారు. వారికి ఏమని చెప్పాలి?

వాదన పెట్టుకోకుండా వారిని ఏదైనా జెరాక్స్ షాపుకు తీసుకువెళ్ళి కాసేపు నిలబెట్టండి. జగదాంబ సెంటరు చుట్టుపక్కలైనా, ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల వీధుల్లోనైనా వ్యవహారం ఒకేలా ఉంటుంది. గోడమీద వాట్సాప్ నంబరు అంటించి ఉంటుంది. వచ్చినవారు తమ కాగితాలను ఆ నంబరుకు పంపుతారు. కుర్రాడు కంప్యూటరులో తెరిచి ప్రింటు తీసి ఇస్తాడు. "బాబూ, నాది రాలేదేమో చూడు" అని మనం తొంగిచూస్తే తెరమీద మనకు ముందు వచ్చిన వారి ఆధార్ కార్డులు, మార్కుల జాబితాలు, ఒకరి సేల్‌డీడు, ఇంకొకరి స్కానింగ్ రిపోర్టు వరుసగా కనిపిస్తాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో నెలల నాటివి కూడా ఉంటాయి. ఆ కుర్రాడికి దురుద్దేశం ఏమీ లేదు, తీసివేయాలన్న ఆలోచన రాలేదంతే. అయితే ఆ కంప్యూటరును రేపు ఎవరికి అమ్ముతారో, మరమ్మతుకు ఎక్కడికి పంపుతారో మనకు తెలియదు.

గోప్యత అంటే రహస్యం దాచడం కాదన్నది అక్కడ మాటలు అవసరం లేకుండానే అర్థమవుతుంది. మన విషయం ఎవరికి, ఎంత, ఎందుకోసం తెలియాలో నిర్ణయించే అధికారం మన చేతిలో ఉండడమే గోప్యత. డాక్టరుకు చెప్పినది యజమానికి చెప్పం. బ్యాంకు మేనేజరుకు చూపించిన జీతం కాగితం బంధువుల ముందు పెట్టం. ఈ గీతలు గీసుకోవడం నేరస్థుల అలవాటు కాదు, సంసారుల మర్యాద. ఈ మధ్య నేను రక్తపరీక్షకు వెళ్ళి ఒక ల్యాబులో ఫోన్ నంబరు ఇచ్చాను. వారం తిరగకముందే షుగరు తగ్గించే పొడులు కొనమని ఫోన్లు మొదలయ్యాయి. నా రిపోర్టులో ఏముందో ఇంట్లో చెప్పకముందే ఎవరో అమ్మకందారుకు తెలిసిపోయింది.

మన దేశంలో ఈ విషయంలో న్యాయపరమైన సందేహం 2017 ఆగస్టు 24తో తీరింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో అంతర్భాగమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసుకోవాలంటే దానికి ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, తీసుకునే చర్య ఆ ప్రయోజనానికి మించకూడదు.

ఆధార్ కాపీ అడిగిన ప్రతిచోటా ఇవ్వవలసిందేనా?

అక్కర్లేదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ పథకాన్ని సమర్థిస్తూనే, ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను తప్పనిసరిగా అడిగే వీలు కల్పించిన 57వ సెక్షన్‌ను ఆ మేరకు కొట్టివేసింది. బ్యాంకు ఖాతాకూ సిమ్ కార్డుకూ ఆధార్ అనుసంధానం తప్పనిసరి కాదని చెప్పింది. సంక్షేమ పథకాలకు, పాన్ అనుసంధానానికి మాత్రం అవసరం. లాడ్జిలోనో అపార్టుమెంటు గేటు దగ్గరో గుర్తింపు అడిగితే వేరే కార్డు చూపవచ్చు, లేదా చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. దాన్ని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుంచే దింపుకోవచ్చు.

అంతకంటే ముఖ్యమైనది వేలిముద్ర. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలిముద్ర పోతే మార్చుకునేదేమీ లేదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉన్న భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలనుంచి నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. ఆధార్ ఆధారిత చెల్లింపు విధానంలో డబ్బు తీయడానికి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అడగదు. అందుకే బయోమెట్రిక్‌ను లాక్ చేసి ఉంచుకోండి. ఒక చిక్కు ఉంది: లాక్ చేసిన నెలలో రేషన్ డిపోలో వేలిముద్ర పడదు, వెళ్ళేముందు తాత్కాలికంగా తెరవాలి. పెద్దవాళ్ళకు ఇది ఇబ్బందే. పిల్లలు దగ్గరలేని ఇళ్ళలో నమ్మకమైనవారు ఒకరు నేర్పవలసి వస్తుంది.

2023 నాటి డేటా రక్షణ చట్టం వల్ల మనకు నిజంగా ఏం ఒరిగింది?

కొంత ఒరిగింది, కొంత చేజారింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సంస్థల ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆ బాధ్యతలు అమలులోకి వచ్చాక, మన వివరాలు తీసుకునే సంస్థ ఏ వివరం ఎందుకు తీసుకుంటోందో నోటీసు ఇచ్చి మన సమ్మతి పొందాలి. మనం సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కు తీసుకోగలగాలి. తప్పులు దిద్దమని, అవసరం తీరాక చెరిపివేయమని అడగవచ్చు. భద్రతలో వైఫల్యానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

అంతగా ప్రచారం పొందని ఒక అంశాన్ని ఇక్కడ ఎత్తిచూపాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలని చట్టం చెబుతోంది. అంటే తెలుగులో అడిగి చదువుకోవడం మన హక్కు, వారు చేసే ఉపకారం కాదు. ఇరవై పేజీల ఇంగ్లీషు షరతుల కింద "అంగీకరిస్తున్నాను" అని వేలితో నొక్కడాన్ని సమ్మతి అనడం ఎంత హాస్యాస్పదమో, మత్స్యకారుల పిల్లలకు ఫోనులో రుణం ఇచ్చే యాప్‌లను చూసినవారికి తెలుసు. అవి అప్పు ఇచ్చేముందు కాంటాక్టులన్నీ తీసుకుంటాయి, వాయిదా తప్పితే ఆ కాంటాక్టులకే ఫోన్లు చేస్తాయి.

ఇక చేజారినది. ప్రభుత్వం నోటిఫై చేసిన తన సంస్థలను దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో చట్టం పరిధి నుంచి పూర్తిగా తప్పించగలదు. డేటా రక్షణ బోర్డు సభ్యులను నియమించేది కూడా కేంద్రమే. పైగా ఈ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. పూర్వం వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది; ఇప్పుడు వ్యక్తిగత సమాచారమంతా మినహాయింపే. అదే సమాచార హక్కు చట్టంలోని 8(2) కింద ప్రజాప్రయోజనాన్ని చూపి అడిగే దారి ఇంకా ఉన్నా, వార్డులో ఇళ్ళ పట్టాల లబ్ధిదారుల జాబితా అడిగినవారికి "వ్యక్తిగతం" అన్న ఒక్క మాటతో తలుపు వేయడం అధికారులకు తేలికైంది. పౌరుడి గోప్యత కోసం తెచ్చిన చట్టం అధికారి గోప్యతకు గొడుగు పట్టడం నా దృష్టిలో ఈ చట్టంలోని అతి పెద్ద లోపం.

ఐరోపా చట్టాలతో మనకేం పని?

రుషికొండ ఐటీ కొండలమీద పనిచేసేవారిని అడగండి, చెబుతారు. 2018 మే 25న అమలులోకి వచ్చిన ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, ఐరోపాలో ఉన్న వ్యక్తుల డేటాను ప్రపంచంలో ఎక్కడ తాకినా వెంట వస్తుంది. ఉల్లంఘనకు రెండు కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో నాలుగు శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా విధించవచ్చు. ఒక్క మనిషి పట్టుదలకు అక్కడ ఎంత విలువ ఉందో మాక్స్ ష్రెమ్స్ ఉదంతం చూపిస్తుంది. ఆస్ట్రియాకు చెందిన ఆయన న్యాయశాస్త్ర విద్యార్థిగా ఫేస్‌బుక్ మీద వేసిన ఫిర్యాదు పెరిగి పెద్దదై, ఐరోపా నుంచి అమెరికాకు డేటా పంపే ఒప్పందాలను రెండుసార్లు, 2015లోనూ 2020లోనూ, ఐరోపా న్యాయస్థానం చేత రద్దు చేయించింది.

ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే ఏమిటి? ప్రభుత్వాలకు దానితో పేచీ ఎందుకు?

పంపేవారి ఫోనులో సందేశానికి తాళం పడుతుంది, అందుకునేవారి ఫోనులోనే తెరుచుకుంటుంది. మధ్యలో మోసుకువెళ్ళే కంపెనీకి కూడా తాళంచెవి ఉండదు. సిగ్నల్ అనే సందేశ యాప్ మొదటినుంచీ ఇలాగే పనిచేస్తోంది. అదే పద్ధతిని వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో వాడుకదారులందరికీ వర్తింపజేసింది. అయితే సందేశంలోని మాట మాత్రమే భద్రం. ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు మాట్లాడామన్న లెక్క కంపెనీ దగ్గర ఉండవచ్చు. అర్ధరాత్రి ఆస్పత్రికి, ఆ వెంటనే ఇన్సూరెన్స్ ఏజెంటుకు, తెల్లవారుజామున ఊళ్ళో అన్నయ్యకు ఫోన్ చేశామంటే ఏం మాట్లాడామో వినకపోయినా ఇంట్లో ఏం జరిగిందో ఊహించవచ్చు కదా. చాట్ బ్యాకప్‌కు విడిగా ఎన్‌క్రిప్షన్ పెట్టుకోకపోతే, ఫోనులో పడిన తాళానికి క్లౌడులో విలువ లేదు.

నేరస్థులు కూడా ఇదే తాళం వాడుతున్నారన్నది ప్రభుత్వాల వాదన. అది అబద్ధం కాదు. మన దేశంలో 2021 ఐటీ నియమాలు పెద్ద సందేశ యాప్‌లు ఒక సందేశాన్ని మొదట పంపినదెవరో కోర్టు లేదా అధీకృత అధికారి అడిగితే చెప్పాలన్నాయి. దాన్ని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. బ్రిటన్ ప్రభుత్వ ఒత్తిడి వల్ల 2025 ఫిబ్రవరిలో ఆపిల్ తన ఐక్లౌడ్ అదనపు రక్షణను ఆ దేశంలో ఉపసంహరించుకుంది. మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, పోలీసులకు మాత్రమే తెరుచుకునే దొడ్డిదారి అంటూ గణితంలో ఉండదు. దారి ఉంటే దొంగ కూడా కనుక్కుంటాడు.

నెట్ న్యూట్రాలిటీ పోరాటం ముగిసినట్టేనా?

ఏ వెబ్‌సైటు అయినా ఒకే ధరకు, ఒకే తీరుగా అందాలన్నదే నెట్ న్యూట్రాలిటీ, అంటే అంతర్జాల తటస్థత. మన దేశంలో మొదటి అంకం ముగిసింది. ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ పేరుతో తాను ఎంచిన వెబ్‌సైట్లను మాత్రం డేటా ఖర్చు లేకుండా ఇస్తానంది. ఉచితమే కదా, పేదలకు మంచిదే కదా అని మన దగ్గర కూడా చాలామంది అన్నారు. ఎంచే అధికారం ఎవరిదన్నదే అసలు ప్రశ్న: ఉచిత జాబితాలో లేని తెలుగు పత్రికనో, అనకాపల్లిలో బెల్లం అమ్మే చిన్న వెబ్‌సైటునో డబ్బు కట్టి ఎవరు తెరుస్తారు? పదిలక్షలకు పైగా పౌరులు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు మెయిళ్ళు పంపారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, వెబ్‌సైటును బట్టి డేటా ధర మార్చడాన్ని నిషేధించింది. 2018 జులైలో టెలికాం శాఖ తటస్థతా సూత్రాలకు ఆమోదం తెలిపింది. అమెరికాలో మాత్రం 2015లో వచ్చిన నియమాలు 2017లో రద్దై, 2024లో తిరిగివచ్చి, 2025 జనవరిలో కోర్టులో మళ్ళీ వీగిపోయాయి. ఇప్పుడు టెలికాం సంస్థలు పెద్ద వెబ్‌సైట్లు తమకు నెట్‌వర్కు ఖర్చులో వాటా ఇవ్వాలంటున్నాయి. పేరు మారినా అది పాత కోరికే.

ఇంటర్నెట్ నిలిపివేస్తే పౌరుడు ఏమైనా చేయగలడా?

నెట్‌వర్కు లేకపోవడమంటే ఏమిటో ఈ నగరానికి వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, ఏటీఎంలు పనిచేయలేదు; పక్క కాలనీలో ఉన్న చెల్లెలు క్షేమమో కాదో తెలుసుకోవడానికి విరిగిపడిన చెట్ల మీదుగా నడిచి వెళ్ళవలసి వచ్చింది. అది ప్రకృతి చేసిన పని. అదే పని ఒక ఉత్తర్వుతో జరిగితే? 2022 మే నెలలో జిల్లా పేరు విషయమై అమలాపురంలో హింస చెలరేగాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపారు. జమ్మూకశ్మీర్‌లో 2019 ఆగస్టులో మొదలైన ఆంక్షల తర్వాత 4జీ తిరిగి రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది.

ఆ కశ్మీర్ ఆంక్షల మీద పత్రికా సంపాదకురాలు అనురాధా భసీన్ వేసిన కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం చెల్లదని, ప్రతి ఉత్తర్వునూ ప్రచురించాలని, అది కోర్టు సమీక్షకు లోబడి ఉంటుందని చెప్పింది. టెలికాం చట్టం కింద 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఒక్కో ఉత్తర్వు పదిహేను రోజులకు మించరాదు, కారణాలు రాతపూర్వకంగా ఉండాలి. కాబట్టి మొదటి పని ఉత్తర్వు ప్రతి అడగడం. మా ప్రాంతంలో "పైనుంచి చెప్పారు" అన్న జవాబు వస్తే, ఆ జవాబు ఎవరు, ఎప్పుడు ఇచ్చారో రాసిపెట్టుకోండి. హైకోర్టుకు వెళ్ళినప్పుడు పనికొస్తుంది. పరీక్షల్లో కాపీ జరగకుండా నెట్ ఆపడం వంటివి కొన్ని రాష్ట్రాల్లో జరిగాయి. ఎలకకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

సముద్రగర్భ కేబుళ్ళు విశాఖకు వస్తే మన డేటా మన దగ్గరే ఉంటుందా?

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ (కృత్రిమ మేధ) హబ్‌ను, దానితోపాటు అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్ళ ద్వారాన్ని ప్రకటించింది. ఇంతవరకు దేశంలో ఈ కేబుళ్ళు ఎక్కువగా ముంబయి, చెన్నై తీరాలకే చేరుతున్నాయి. రెండు మూడుచోట్లే ఆధారపడితే ఒక లంగరు తగిలినా దేశం నెమ్మదిస్తుంది, గనుక మరో గుమ్మం మంచిదే. కేబుల్ ఎక్కడ ఒడ్డెక్కిందన్నది వేగానికి సంబంధించిన విషయం, అందులో పారే సమాచారం మీద ఎవరి చట్టం చెల్లుతుందన్నది హక్కులకు సంబంధించినది, రెండింటినీ కలపకూడదు. 2013లో, అమెరికా నిఘాసంస్థ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలలో బ్రిటన్ నిఘాసంస్థ తీరానికి చేరే ఫైబర్ కేబుళ్ళనుంచే సమాచారాన్ని మూకుమ్మడిగా తోడుకుంటున్న సంగతి ఉంది. ఆ తర్వాత చాలా వెబ్‌సైట్లు ఎన్‌క్రిప్షన్ వైపు పరుగెత్తాయి. సర్వరు మధురవాడలో ఉన్నా మాతృసంస్థ అమెరికాది కావచ్చు, అప్పుడు రెండు దేశాల చట్టాలు ఒకే డేటా మీద చేయి వేయగలవు. కేబుల్ రాకను పండుగలా జరుపుకునేవారు ఒడ్డున నిఘా ఏర్పాట్ల మీద ఎవరి అజమాయిషీ ఉంటుందో కూడా అడగాలి.

వీపీఎన్ వాడటం నేరమా?

కాదు. మన ఇంటర్నెట్ రాకపోకలను తాళంవేసి ఇంకో సర్వరు మీదుగా పంపే సేవే వీపీఎన్. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వీపీఎన్ సంస్థలు వాడుకదారుల వివరాలు అయిదేళ్ళు ఉంచాలన్నాయి; కొన్ని విదేశీ సంస్థలు తమ సర్వర్లను భారతదేశం నుంచి తీసివేశాయి. ఉచిత వీపీఎన్‌లకు మాత్రం దూరంగా ఉండండి, వాటికి ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో ఊహించవచ్చు.

ఫేస్‌బుక్ పోస్టుకు అరెస్టు చేయవచ్చా?

కేవలం ఎవరికో చిరాకు కలిగిందని చేయరాదు. అలా అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత ఏళ్ళకు కూడా కొన్ని పోలీసు స్టేషన్లలో అదే సెక్షన్ కింద కేసులు రాశారు. 2021లో ఈ సంగతి విని న్యాయమూర్తులే నివ్వెరపోయారు. ఎఫ్ఐఆర్‌లో 66ఎ కనిపిస్తే ఆ తీర్పు చూపండి. బెదిరింపు, వర్గాల మధ్య ద్వేషం, పరువునష్టం వంటి వాటికి వేరే సెక్షన్లు ఉన్నాయి, అవి చెల్లుతాయి.

తెలుగుకూ ఈ గొడవకూ సంబంధమేమిటి?

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లు ఆగిపోయేవి. ప్రపంచమంతా నవ్వుకుంది, మనకూ నవ్వొచ్చింది. జ్ఞానంలోని మొదటి అక్షరాన్ని సరిగా పరీక్షించకుండానే తెలుగువారికి ఫోన్లు అమ్మారన్నది ఆ నవ్వులో కొట్టుకుపోయింది. తెలుగు కంప్యూటర్లలో బతికింది అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ వంటి, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ప్రమాణాల వల్ల. 2003 నుంచి జీతం లేకుండా తెలుగు వికీపీడియా రాస్తున్నవారి వల్ల. అంధులకు, యాసిడ్ దాడి బాధితులకు కన్నార్పమని అడిగే ఈ-కేవైసీ (ఆన్‌లైన్ గుర్తింపు తనిఖీ) అడ్డుగా మారిందన్న కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటు కూడా 21వ అధికరణంలో భాగమేనంది. భాష తెలియక తెరముందు ఆగిపోయేవారికి కూడా ఈ తర్కం వర్తించాలని వాదించే న్యాయవాది కోసం చూస్తున్నాం.

మోసం జరిగిపోతే మొదట ఏం చేయాలి?

ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. డబ్బు ఇంకో ఖాతాకు పారకముందే ఆపగలిగేది మొదటి గంటల్లోనే. పోలీసులమంటూ వీడియో కాల్‌లో భయపెట్టి డబ్బు గుంజే మోసగాళ్ళు చెప్పే "డిజిటల్ అరెస్టు" అనేది ఏ చట్టంలోనూ లేదు. వీడియో కాల్‌లో కనిపించే యూనిఫాం ఎవరైనా కుట్టించుకోగలరు. మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకుని, మీవి కానివాటిని అక్కడే నివేదించండి. ఆ తర్వాత, మీరు చివరిసారి కాగితాలు పంపిన జెరాక్స్ షాపుకు వెళ్ళి, "బాబూ, నావి తీసేశావా?" అని అడిగి, రీసైకిల్ బిన్‌లోనుంచి కూడా తీసివేసేదాకా అక్కడే నిలబడండి.